తొమ్మిదో శాంత

ప్రవరపురం మఠం

సౌభాగ్యవతి వప్పికకు మల్లణుడు దీవించి రాసేది.

నేను క్షేమం. రసశాస్త్రం పాఠం జోరుగా సాగుతోంది. పూర్వులు ఎనిమిదితో సరిపెట్టుకున్నారు. మా గురువుగారి గురువుగారు మాత్రం తొమ్మిదోదాన్ని అన్నిటికంటే పైన కూర్చోబెట్టారు. మేం ముద్దుగా శాంత అంటాం. శాంత దొరికితే ఇక ఇల్లూ వాకిలీ గుర్తుండవట! అందుకే ఈసారి కుంకుమపూల కోతకు రాలేను.

తా.క. ఎండు తామరతూళ్ళు పంపు.

పద్మపురం

పండితులు మల్లణులవారికి, ఇంకా భార్యగానే ఉన్న వప్పిక నమస్కారాలు.

ఎనిమిదిమంది చాలలేదూ! తంత్రం నేర్పే మఠమంటేనే అమ్మ నెత్తీ నోరూ బాదుకుంది, నేనే వినలేదు. మీ పెద్దగురువు శిష్యులతో గుహలోకి వెళ్ళి తిరిగి రాలేదంటే మోక్షమనుకుని దణ్ణం పెట్టుకున్నాను. లోపల ఎవరున్నారో ఇప్పుడు తెలిసింది! పొద్దెక్కితే పూలు వాడిపోతాయి. అవి మీకోసం ఆగవు, నేనూ ఆగను. కోతకు రాకపోతే పుట్టింటికి పోతాను.

తా.క. తామరతూళ్ళు శాంతనే వండిపెట్టమనండి.

ప్రవరపురం మఠం

వప్పికకు, కంగారుపడుతూ మల్లణుడు.

పిచ్చిదానా! శాంత ఆడది కాదే, రసం! శృంగారం, వీరం లాగే శాంతం. కోరికలన్నీ అణిగాక మనసులో మిగిలే హాయి. ఇంటి గొడవ చెవిన పడితే చాలు, పారిపోతుంది.

తా.క. నిన్న ధ్యానంలో ఒక్కసారి తళుక్కుమంది. అంతలో నీ ఉత్తరం వచ్చింది.

పద్మపురం

మల్లణులవారికి, వప్పిక.

అంటే నేను గొడవన్నమాట! సవతైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. రసాన్ని ఎక్కడ పట్టుకోను? మీరు లేక ఇల్లు బావురుమంటోంది. ఆ మాట మీకు ఏ రసంలో చెబితే ఎక్కుతుంది? మూట కట్టేశాను.

తా.క. ధైర్యముంటే ఇది మీ గురువుగారికి చూపించండి.

ప్రవరపురం మఠం

నా వప్పికకు, మల్లణుడు.

చూపించాను. ఆయన అందరి ముందూ చదివించారు. "రసాన్ని ఎక్కడ పట్టుకోను" దగ్గర శిష్యులంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. "ఇల్లు బావురుమంటోంది" దగ్గర గురువుగారే కళ్ళు తుడుచుకున్నారు. నేనొక్కణ్ణే గజగజలాడుతూ నిలబడ్డాను.

"ఒరే మల్లణా," అన్నారాయన, "కోపాన్ని ఎవరిదో అన్నట్టు వినగలిగినవాడికే అది రసం. సూటిగా తనకే తగిలితే అది కాపురం. పోరా, పోయి పూలు కొయ్యి!"

నిజం చెప్పనా? శాంత దొరకలేదన్న బాధే లేదు. నీమీద బెంగతో నిద్రపట్టడం లేదు. పడవెక్కుతున్నాను, మూట విప్పు.

తా.క. గురువుగారూ శిష్యులూ కూడా వస్తున్నారు. పైకి పూలు కోస్తామంటున్నారు గానీ, నీ తిట్లు స్వయంగా వినాలని వాళ్ళ ఆశ. నన్ను చూడగానే నవ్వెయ్యకు. పాపం, అంతదూరం నుంచి వస్తున్నారు.