ఉచితంగా, సొంత బిడ్డలా

న్యూజెర్సీ,
మార్చి, ఆదివారం మధ్యాహ్నం

అక్కయ్యకు విజయ నమస్కారాలు.

నువ్వూ, బావగారూ, ఉషా కులాసాగా ఉన్నారని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. బావగారి మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఈయనకి జలుబు చేసి తగ్గింది. మంచు కరిగి రోడ్లన్నీ బురదబురదగా ఉన్నాయి. ఐసెలిన్‌లో గుజరాతీ వాళ్ళ కొట్టు ఒకటి పెట్టారు, కందిపప్పు దొరుకుతోంది కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. నా గురించి బెంగపెట్టుకోకు. బాగానే తింటున్నాను, బాగానే నిద్రపోతున్నాను.

ఆ ఆఖరి వాక్యం అబద్ధం. ఉత్తరం అన్నాక రాయాలి కాబట్టి రాశాను.

నువ్వు పంపిన క్యాసెట్ అందింది. ముందు నీ గొంతు, తర్వాత బావగారి దగ్గు, ఆ తర్వాత ఉష. ఎక్కాలు చెప్పింది, పద్యం అప్పజెప్పింది, అమెరికా నాన్నకీ అమెరికా అమ్మకీ నమస్కారాలంది. అంతవరకూ మురిసిపోతూనే విన్నాను. ఇంక చెప్పడానికేమీ లేక చివర్లో "అమ్మా, ఆపేయనా?" అని నిన్నడిగింది. "ఆపెయ్యి తల్లీ" అన్నావు నువ్వు. టక్కుమని ఆగిపోయింది.

"నోరు జారి ఉంటుందిలే, రోజంతా కళ్ళముందుండేది ఆవిడే కదా" అన్నారు ఈయన. నోరు జారితే పిల్లలు నాలిక్కరుచుకుంటారు అక్కయ్యా, అంత మామూలుగా అనరు. నీకైనా వింతగా అనిపించాలి కదా. అనిపించలేదు. అక్కడే నాకు మండింది.

దాచుకోవడం నాకు చేతకాదు, చెప్పేస్తున్నాను. నువ్వంటే నాకు కుళ్ళుగా ఉంది. రోజూ దానికి జడ వేసేది నువ్వు. ఆటలమ్మ పోసినప్పుడు వేపాకు పరిచి దాని పక్కన పడుకుంది నువ్వు. నాకు ఆ సంగతి తెలిసేసరికి దానికి నీళ్ళు పోయడం కూడా అయిపోయింది. నేను ముచ్చటపడి కొన్న గౌను దానికి పట్టలేదని ఎదురింటి వాళ్ళ పాపకి ఇచ్చేశానని రాశావు. నా కూతురి కొలత నాకు తెలియదు, నీకు కంటిచూపుతోనే తెలుసు. ఆ ఎదురింటి పిల్ల మీద కూడా కుళ్ళుకున్నానంటే చూసుకో, ఎంతకి వచ్చానో.

పోనీలే. నా ఉద్యోగం ఏమిటో సరిగ్గా రాయమని బావగారు అడిగారు కదా, రాస్తాను. ఇక్కడ స్కూళ్ళు ఏ ఊరివి ఆ ఊరి పన్నులతోనే నడుస్తాయి. స్కూళ్ళని చూసుకోడానికి ప్రతి ఊరికీ ఒక బోర్డు ఉంటుంది. నేను మా ఊరి బోర్డు ఆఫీసులో గుమాస్తాని. పక్కనున్న చిన్న ఊరికి హైస్కూలు లేదు. ఆ పిల్లలు బస్సెక్కి మా హైస్కూలుకి వస్తారు. వాళ్ళ చదువుకయ్యే ఖర్చు లెక్కగట్టి మా ఊరు ఆ ఊరికి బిల్లు పంపుతుంది. ఆ బిల్లులు టైపు చేసేది నేను. "ఈ పిల్లవాడు మా వాడు కాడు, వాళ్ళు ఇల్లు మారిపోయారు" అని వాళ్ళు తిప్పి పంపుతారు. కాదు, మీ వాడే అని మేం మళ్ళీ పంపుతాం. ఒక్క పిల్లవాడి గురించి రెండు ఊళ్ళూ ఏడాదంతా పేచీ పడుతూనే ఉంటాయి. ఆ పిల్లవాడు మాత్రం ఇవేమీ తెలియకుండా వచ్చి చదువుకుని పోతాడు. మాకు సూత్రం ఒకటే. పిల్లలు ఎక్కడ చదివినా, బిల్లు అమ్మానాన్నలు ఉన్న ఊరికే వెళ్ళాలి.

ఈమధ్య సుబ్బారావుగారని గుడివాడ వైపు ఆయన లత అనే అమ్మాయిని స్కూల్లో చేర్పించడానికి వచ్చారు. మా పెద్ద గుమాస్తా డోరతీ "మీ అమ్మాయేనా?" అని అడిగితే ఆయన అవునన్నారు. తీరా పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రి పేరు వేరే ఉంది. డోరతీ మొహం గంటు పెట్టుకుని నన్ను పిలిచింది, మీ వాడు అబద్ధమాడుతున్నాడు చూడమంది. లత ఆయన తమ్ముడి కూతురు. మాలో తమ్ముడి కూతురు కూతురే, ఆ పిల్ల ఆయన్ని పెద్దనాన్న అంటుంది, అంటే పెద్ద తండ్రి అని చెప్పాను. "సరే, ఆ చిన్న నాన్న ఏ ఊళ్ళో పన్ను కడుతున్నాడు?" అంది డోరతీ.

చిన్న నాన్న ఉండేది గంట దూరంలో ఇంకో ఊళ్ళో. భార్య మంచం పట్టింది, ఆయన పొద్దునొక ఉద్యోగం సాయంత్రమొక ఉద్యోగం చేస్తున్నాడు. పిల్లని చూసేవాళ్ళు లేక అన్నగారు తెచ్చుకున్నారు. ఇలాంటి వాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. కన్నవాళ్ళు చూసుకోలేని స్థితిలో ఉండి, పెంచేవాళ్ళు ఏమీ పుచ్చుకోకుండా పెంచుతుంటే ఆ పిల్ల మా ఊరి పిల్లే అవుతుంది, బిల్లుండదు. అందుకే డోరతీ అడిగింది, పిల్ల ఖర్చులకి తమ్ముడు ఏమైనా ఇస్తున్నాడా అని.

లేదు అంటే పని అయిపోయేది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని "ఎందుకివ్వడు? ఎవ్రీ మంత్ పంపిస్తాడు. పిల్లని ఒకరి దయ మీద వదిలేసేవాడు కాదు మా వాడు" అన్నారు. నాకు అర్థమైంది. తెలుగులో "సార్, నిజం చెప్పండి. ఇందులో పరువు పోయేదేం లేదు" అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. "వాడి దగ్గర ఏముందమ్మా ఇవ్వడానికి? కానీ ఆ మాట పరాయివాళ్ళ ముందు ఎట్లా చెప్పను? తమ్ముడు కదా!"

ఇది మనవాళ్ళు తప్ప ఎవరూ చెయ్యని తప్పు. ఇంగ్లీషులో మాత్రం ఆయన మాట మార్చుకోలేదు, డోరతీ ఆయన మొదటి మాటే రాసుకుంది. తండ్రి డబ్బిస్తున్నాడు కాబట్టి లత ఆ ఊరి పిల్లే అంది. మాకు హైస్కూలుండగా మీకెందుకు కడతామని ఆ ఊరు చేతులు దులుపుకుంది. చివరికి బిల్లు సుబ్బారావుగారి ఇంటికే వెళ్ళింది. కట్టకపోతే పిల్ల తిరిగి వెళ్ళిపోవాలి. ఆ బిల్లు టైపు చేసిందీ నేనే.

తర్వాత వారం ఆయన భార్య శకుంతలగారు వచ్చారు, చీర మీద పెద్ద కోటు, కాళ్ళకి మంచు బూట్లు, ఒక చేతిలో బిల్లు, ఇంకో చేతిలో లత చెయ్యి.

"తెలుగమ్మాయివేగా? ఎవరమ్మా ఇది పంపించింది? మా మరిది ఒక్క డాలర్ ఇవ్వలేదు. హాస్పిటల్ బిల్సే పే చెయ్యలేకపోతున్నాడు పాపం. ఇచ్చినా నేను తీసుకుంటానా? నా పిల్లకి నేను అన్నం పెట్టుకోడానికి ఒకళ్ళు డబ్బులివ్వడమేంటి?"

"పెద్దమ్మా, ప్లీజ్, స్లోగా మాట్లాడు. అందరు చూస్తుంది" అంది లత వచ్చీరాని తెలుగులో, ఆవిడ కోటు చెయ్యి పట్టుకుని లాగుతూ.

"చూడనీయవే" అన్నారావిడ.

డోరతీ మంచిదే, ఈసారి ఆవిడ చేత ప్రమాణం చేయిస్తానంది. ఆ వాక్యం ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగులో చెప్పాను. "ఈ పిల్లని నా ఇంట్లో ఉచితంగా, సొంత బిడ్డలా పెంచుతున్నాను." శకుంతలగారు నవ్వేశారు. "దీనికి కూడా ఒట్టు పెట్టించుకుంటారా మీరు?" అని టకటకా సంతకం పెట్టారు. కన్నతల్లి సంతకం కూడా కావాలి, నా బిడ్డని నేను చూసుకోలేను అని. ఆవిడ అది ముందే పెట్టించి తెచ్చారు. ఆ అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. ఎత్తుగా దిండ్లు పెట్టుకుని, మంచం మీదే రాసి ఉంటుంది. నేను ముక్కు తుడుచుకున్నాను. జలుబా అని అడిగింది డోరతీ. అవునన్నాను.

లత ఉండిపోయింది, బిల్లు రద్దయింది. ఆఫీసులో అందరూ సంతోషించారు. నాకు శకుంతలగారి మీదా కుళ్ళు పుట్టింది. ఇంటికొచ్చి నీ పాత ఉత్తరం మళ్ళీ చదివాను. నేను పంపిన డ్రాఫ్టులేవీ ముట్టుకోలేదనీ, అంతా పోస్టాఫీసులో ఉష పేరున వేశామనీ, నా బిడ్డకి పెట్టుకోడానికి నీ డబ్బెందుకే పిచ్చిదానా అనీ రాశావు. అందులోనే, మా గ్రీన్ కార్డులు వచ్చినా తొందరపడొద్దనీ, ఏడో తరగతి అయ్యేదాకా ఉంచమనీ, ఇప్పుడు కదిపితే బెంగపెట్టుకుంటుందనీ రాశావు. మొదటిసారి చదివినప్పుడు మా అక్కయ్య మనసు ఎంత గొప్పదో అనుకున్నాను. ఇప్పుడు చదివితే, శకుంతలగారు పెట్టిన ఒట్టే నువ్వూ పెట్టినట్టుంది. మా ఆఫీసు లెక్కన ఉష మీ ఒంగోలు పిల్ల. కాదు, మీ పిల్లే అని నాతో పేచీ పడేవాళ్ళు కూడా లేరు.

నువ్వు ఒక్కసారి, ఒక్కసారైనా డబ్బు చాల్లేదని రాసి ఉంటే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో!

అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. మే నెలలో సెలవు పెట్టి నేనే వస్తున్నాను. ఈయన టికెట్ కొన్నారు. లాక్కుపోవడానికి రావడం లేదు. సెలవులన్నాళ్ళూ మీ ఇంట్లోనే ఉంటాను, ఉష నాకు అలవాటయ్యేదాకా. కానీ దాన్ని తీసుకురాకుండా మాత్రం తిరిగి రాను. నేను వచ్చేసరికి నువ్వు బిల్లు రాసి పెట్టు. బడి జీతం, పాలు, రిబ్బన్లు, ఆటలమ్మప్పుడు తాగించిన కొబ్బరి నీళ్ళు, ఏదీ వదలకు. దాని పక్కన మేలుకుని కూర్చున్న రాత్రులకి ఎంత వేస్తావో నీ ఇష్టం. అంత నేను కట్టలేనని నాకూ తెలుసు. అయినా రాయి, పైన నా పేరుండాలి.

కోప్పడకు. నీ చేతి చలవ వల్లే అది అంత ఆరోగ్యంగా పెరిగింది, ఆ మాట నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను, నీ ముందు తప్ప. బావగారికి నా నమస్కారాలు. నేను వచ్చేలోగా గోంగూర పచ్చడి పెట్టి ఉంచు, కారం ఎక్కువ వెయ్యి. దాని కాలి కొలత కాగితం మీద గీసి వెంటనే పంపు, బూట్లు కొనాలి. పెద్దదానివి, నేను రాసినదానికి నొచ్చుకోకుండా నన్ను దీవించు.

ఇంకొక్క మాట. నేను అక్కడున్నప్పుడు అది "అమ్మా" అని పిలిస్తే ఇద్దరం తిరిగి చూస్తాం. నువ్వు కొంచెం ఆలస్యంగా తిరుగు.

నీ చెల్లెలు,
ఉష వాళ్ళ అమ్మ,
విజయ