ఆకలి వచ్చింది, ఏడుపు పోలేదు

టెక్కలి,
12-8-2003

వైకుంఠరావు బావగారికి,

మీ క్షేమం అడగడానికి రాయడం లేదు. అక్కను ఎప్పుడు పంపుతావంటూ మీరు రాసిన కార్డు అందింది.

జీడిపప్పును చేత్తో తడిమి రకం చెప్పే మీరు, పెళ్లాం తలలో ఏముందో కూడా అలాగే తేల్చేశారు. దిగులుకు డాక్టరు ఇచ్చిన మాత్రలు మొదలెట్టిన పది రోజులకు అక్కకు కాస్త ఆకలీ నిద్రా వచ్చాయి. ఏడుపు మాత్రం ఆగలేదు. "తింతంది, తొంగుంతంది, మరి ఏడుపేటి? అన్నీ నాటకాలు!" అని మాత్రలు పెరట్లోకి విసిరేశారు. నెల తిరగకుండా అక్క నూతిలో దూకబోతే పక్కింటి నారాయణమ్మ జుట్టు పట్టుకుని లాగింది.

డాక్టరు నాకు ఓపిగ్గా చెప్పారు. సెరటోనిన్ అనే రసాయనం మెదడంతటా ఒకేలా పనిచేయదట. ఒకచోట నిద్రను, ఒకచోట ఆకలిని, వేరేచోట భయాన్నీ దిగులునూ సర్దుతుందట. అన్నీ ఒకేసారి తేరుకోవట. దిగులు తగ్గడానికి వారాలు పడుతుందట. పదో తరగతి తప్పిన నాకు అర్థమైంది. ఊరికి పెద్దమనిషైన మీకు అడగాలనే తోచలేదు.

అక్కను మా ఇంటికి తెచ్చుకుని, మాత్రలు మళ్లీ మొదలెట్టి రెండు నెలలైంది. మొన్న అక్క తనే తల దువ్వుకుని, వాకిట్లో కూర్చుని మా ఆవిడతో నవ్వింది. మీ కార్డు చదివి వినిపించాను.

"రానని రాయ్‌రా తమ్ముడా. ఏడుపొత్తే ఏడవనిచ్చే ఇంట్లోనే ఉంతానని రాయ్" అంది.

రాశాను.