చప్పుడు చెయ్యని కెమెరా

మేనల్లుడికి,

కోపంలోనూ దీవెనలు మానని మామయ్య రాస్తున్నది. ఫోన్ చేస్తే ‘సరే మామయ్యా’ అని పెట్టేస్తావు. అందుకే కాగితం.

భుజం నొప్పని నా పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా నీ రిపేరు కొట్లో ఇచ్చేసి, నువ్వు మెచ్చిన మిర్రర్‌లెస్ తెచ్చుకుని రెండు నెలలైంది. తేలిగ్గా ఉంది, ఫొటోలూ బాగున్నాయి. కానీ అది నోరు మెదపదు.

మీ అత్తయ్యకి చూపు పూర్తిగా పోయి నాలుగేళ్ళు. అయినా ప్రతి ఆదివారం పొద్దున కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది, నేనొక ఫొటో తీస్తాను. మొన్నటిదాకా తొమ్మిదేళ్ళు ఒక్క వారం తప్పలేదు. పాత కెమెరా టపక్‌మనగానే తను లేచేది. ఇప్పుడు తీసేశానన్నా నమ్మదు. మొన్నొకసారి పావుగంట అలా నవ్వుతూనే కూర్చుంది, దవడలు పట్టేశాయి. “చూపు లేనిదాన్ని కూర్చోబెట్టి ఆడిస్తున్నారా?” అంది. ఆ మాటకి నాకు అన్నం సహించలేదు. రెండు వారాలుగా కుర్చీ దగ్గరికే రావడం లేదు.

నీ జవాబు తనకి చదివి వినిపిస్తాను. మర్యాదగా రాయి.

ఇట్లు,
మూగ కెమెరా యజమాని

తా.క. పక్కింటాయన కూడా ఫొటో తీయమని ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. నేను లోపలికెళ్ళి కాఫీ తాగి వచ్చినా అక్కడే ఉన్నాడు.

*

మామయ్యకి,

అక్షింతలన్నీ తలమీద వేసుకుని మేనల్లుడు రాసేది.

పాతదాంట్లో చిన్న అద్దం ఉండేది. మీట నొక్కగానే లేచి పడేది. మీరిద్దరూ విన్న చప్పుడు చాలావరకు దానిదే. కొత్తదాంట్లో ఆ అద్దమే లేదు. సెట్టింగుల్లో వేరే చప్పుడు పెట్టుకోవచ్చు. ఎలాగో విడిగా రాసి జతచేశాను.

మీ ఇద్దరి బాగు కోరే
మేనల్లుడు

తా.క. అత్తయ్యా, మామయ్య మిమ్మల్ని ఆడించే రకం కాదు. ఆయనకి అంత తెలివి లేదు.

*

సెట్టింగుల పండితుడికి,

మామయ్య రాసేది. చప్పుడు పెట్టాను. “ఎవరో లైటు స్విచ్చి వేశారు” అంది మీ అత్తయ్య.

తరవాతి వారం బతిమాలి కూర్చోబెట్టి, నాలుకతో నేనే టపక్‌మనిపించాను. ముప్ఫై ఏళ్ళు బడి ల్యాబులో గౌరవంగా పనిచేసినవాణ్ణి, ఈ వయసులో కెమెరా కూత కూశాను. ఆ ఊపుకి పై పళ్ళ సెట్టు జారి కింద పడింది. కెమెరాలకి పళ్ళు రాలవని ఆవిడకి తెలుసు.

అప్పటినుంచి నేనేం చెప్పినా “అలాగా” అంటోంది. బయట వాన పడుతోందన్నా చెయ్యి చాపి చూసుకుంటోంది. ఫొటో పోతే పోయిందిరా, నా మాట మీద తనకి నమ్మకం పోతే నేనేమైపోవాలి? పాత కెమెరా తిరిగి పంపు. అది వచ్చేలోగా కొత్తది నిజంగానే ఫొటోలు తీస్తుందని నీ చేత్తో సాక్ష్యం రాయి.

ఇట్లు,
అనుమానితుడు

తా.క. పాత కెమెరా విప్పి చూడక్కర్లేదు. ఉన్నదున్నట్టు పెట్టెలో పెట్టి పంపెయ్.

*

మామయ్యకి,

అత్తయ్యకి వినపడేలా రాస్తున్నాను.

ఇరవై ఏళ్ళుగా కెమెరాలు బాగుచేస్తున్నవాడిగా చెబుతున్నాను. కొత్త కెమెరా చప్పుడు లేకుండానే ఫొటో తీస్తుంది. మామయ్య చెప్పింది నిజం.

సాక్షి సంతకం,
మేనల్లుడు

తా.క. మామయ్యా, ఇది మీకొక్కరికే, పైకి చదవకండి. పాతది విప్పాను. అద్దం లేచి పడుతోంది, చప్పుడు భేషుగ్గా ఉంది. దాని వెనక షట్టర్ రేకులు మాత్రం తెరుచుకోవడం లేదు. కార్డులో ఆఖరి పద్నాలుగు నెలల ఆదివారాలన్నీ ఒట్టి నలుపు. మీకు తెలుసు కదూ?

*

అబ్బాయికి,

అత్తయ్య స్వయంగా రాస్తున్నది. ఇరవై ఎనిమిదేళ్ళు టైపిస్టుగా చేశాను, నా వేళ్ళకి కళ్ళతో పనిలేదు.

మీ మామయ్యకి ఉత్తరం మొదలుపెడితే ఆగడం రాదు. “పైకి చదవకండి” అన్న ముక్క కూడా పైకే చదివారు. ఆ తరవాతది కూడా చదివేశాకే గొంతు ఆగింది.

మొదటిసారి నల్లగా వచ్చినప్పుడే చెబుదామనుకున్నారట. ఈలోగా “బాగా వచ్చానా?” అని నేనడిగాను. “చాలా బాగా వచ్చావు” అనేశారట. ఇక పద్నాలుగు నెలలు అదే మాట. ఆ రేకులు మార్పిద్దామంటే ఎక్కడా దొరకలేదట. భుజం నొప్పి ఉత్తదే. నాకు నిజం ఫొటో తియ్యాలనే కొత్తది కొన్నారట. తీరా నిజంగా తీస్తుంటే, దొంగ అన్నాను. ఆయన ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

ఈ ఆదివారం కూర్చున్నాను. చప్పుడు అక్కర్లేదు, తీశాక ఏం కనిపించిందో చెప్పమన్నాను. “స్వెట్టర్ గుండీ ఒకటి తప్పు కాజాలో ఉంది. చెవి పక్క జుట్టు రేగింది. నవ్వు కాస్త వంకరగా ఉంది” అన్నారు. తడిమి చూసుకుంటే గుండీ నిజంగానే తప్పింది. బాగున్నావని అని ఉంటే ఈ జన్మలో నమ్మేదాన్ని కాదు.

పాత కెమెరా పంపొద్దు.

మీ
అత్తయ్య

తా.క. ఈ టైపు మిషన్ రిబ్బన్‌లో సిరా ఉందో లేదో నాకు తెలీదు. మీ మామయ్యని అడగలేదు. కాగితం తెల్లగా చేరితే ఏమీ అనుకోకు, చప్పుడు మాత్రం బాగా వచ్చింది.