ఎండ కోసం ఆగిన రేడియో

వన్ టౌన్, విజయవాడ
30-11-77

అమ్మకి,

పెద్దబ్బాయి నమస్కారాలు. విశాఖపట్నంలో నువ్వూ, బుల్లెమ్మక్కా, పురిటిబిడ్డా చల్లగా ఉన్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఇక్కడ నేను క్షేమం. ‘అందరం’ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ముందు నువ్వడిగినవి. అన్నం తింటున్నావా అన్నావు. పక్కింటి శౌరమ్మ గారు కూర పంపిస్తున్నారు, సగం అలాగే ఉండిపోతోంది. షాపు ఎలా ఉందన్నావు. గాలికి షాపు ముందరి రేకు ఎగిరిపోయింది, రేడియో సెట్లు తడవలేదు. ఆ పాడు బల్బు మళ్ళీ వెలిగించావా అన్నావు. లేదమ్మా, వెలిగించలేదు.

ఇక ఆఖరుది. మామయ్య కబురేమైనా తెలిసిందా, రేడియో బాగుచేసి పంపావా అని అడిగావు.

దీపావళికి ముందు మామయ్య దాన్ని గోనెసంచిలో చుట్టుకుని వచ్చాడు. విప్పి చూస్తే లోపలి సర్క్యూట్ అట్టమీద రాగిగీతల్ని ఉప్పుగాలి తినేసి ఉంది. కొత్త అట్ట నేనే తయారుచేస్తానన్నాను. పోనీ అందాకా వేరే సెట్టేదైనా పట్టుకెళ్ళమంటే వినలేదు. “ఊళ్ళోవాళ్ళ సొమ్ము నాకెందుకురా అల్లుడూ? నీ చేత్తో చేసిందే ఇంటాను. మెల్లిగానే చెయ్యి” అన్నాడు.

నేను మేడమీద చేసే పని నువ్వు చూసిందే కదా. రాగిరేకు అంటించిన అట్టకి కోడిగుడ్డు సొనలో మందు కలిపి పూసి, గీతల ఫిల్ము పైన పెట్టి, అద్దం మూసి ఎండలో పెడతాను. వెలుతురు తగిలినచోట పూత గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్ళకి పోతుంది. పూత పోయినచోట రాగిని యాసిడ్ తినేసి, గీతలే మిగులుతాయి. మామయ్య అదంతా చూసి, “మీ నాయన చేపలెండబెట్టాడు, నువ్వు రేకులెండబెడతన్నావు. పనొకటేరా!” అని తెగ నవ్వాడు.

ఆయన వెళ్ళాక ముసురు పట్టింది. ఎన్నిసార్లు పెట్టినా పూత నీళ్ళు తగలగానే జారిపోయేది. మబ్బు విడవకపోతుందా అని చూస్తూ కూర్చున్నాను.

అమ్మా, బల్లకింద ఆ వీధిదీపం బల్బు ఉంది. పైగాజు తీసేసి వెలిగిస్తే ఎండలాంటి ఘాటు వెలుతురొస్తుంది, ఇక ఎండతో పనిలేదు. మామయ్య అట్ట ఒక్కపూటలో అయిపోయేది. ఎండాకాలంలో ఒక సాయంత్రం దాన్ని వెలిగించి చూసి, కళ్ళల్లో ఇసుక పోసినట్టయి నేను తెల్లవార్లూ ఏడిస్తే, కళ్ళమీద నందివర్ధనం పూలు పెడుతూ, “ఇంకోసారి వెలిగిస్తే నామీద ఒట్టే” అన్నావు. ముసురులో ఒకరోజు దాన్ని బయటికి తీశాను. వైరు కూడా తగిలించాను. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే కళ్ళకేం కాదని నాకు తెలుసు. పదిమందికి రేడియోలు బాగుచేసేవాణ్ణి, ఒట్టంటే నవ్వాలి. కానీ స్విచ్చి మీద చెయ్యి వేస్తే నీ మొహమే కనపడింది. వైరు తీసేశాను.

ఆ శనివారం ఉప్పెన వచ్చింది.

మామయ్య ఊరికి అవనిగడ్డ దాటాక నడిచే వెళ్ళాను. ఊరు లేదమ్మా. ఇళ్ళున్నచోట బురద. గంగారత్నం అత్త తుమ్మకొమ్మ పట్టుకుని బతికింది, ఒళ్ళంతా ముళ్ళే. మామయ్య తాళ్ళతోపులో దొరికాడు. కాల్చడానికి పొడికట్టె దొరకలేదు, పూడ్చాం. నీ తమ్ముణ్ణి నేనే మట్టిలో పెట్టాను. ఇంతకంటే మెత్తగా ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

అత్త ఏడవలేదు. “ప్రతి కార్తీకంలో వచ్చే ముసురేలే అనుకున్నాం అబ్బాయా. రేడియో ఉంటే తుపాను కబురు ఇనేవోళ్ళం. ఇనుంటే లేచొచ్చేవోళ్ళం. నువ్వింకా పంపలేదేం అని మీ మామ రోజూ రేవుకాడికెళ్ళి చూసొచ్చేవోడు” అంది. ఎండ రాలేదత్తా అన్నాను. బల్బు సంగతి చెప్పలేదు. నీకు కూడా చెప్పకూడదనే మొదలుపెట్టాను. ఒక్కణ్ణే మొయ్యలేకపోతున్నాను.

తిరిగొచ్చేసరికి ఎండ పేలిపోతోంది. ఏం చెయ్యాలో తెలియక మామయ్య అట్ట మళ్ళీ పెట్టాను. మొదటిసారికే గీతలన్నీ పొల్లుపోకుండా పడ్డాయి. సెట్టులో బిగించాను. పలుకుతోంది. దాన్ని కట్టేయడానికి మనసు రాదు, వినడానికి చెవి ఒప్పుకోదు.

నీ తప్పని రాయడం లేదు. ఒట్టు పెట్టించుకుంది నీ బిడ్డ కళ్ళకోసం. నా కళ్ళు బాగానే ఉన్నాయి. వాటితోనే అంతా చూశాను.

నువ్వెలా ఉన్నావమ్మా? ఒంట్లో బాగుందా? ఒక్క కార్డుముక్క రాయి. నువ్వు బాగున్నావని నాకు తెలియాలి. దానికోసమే కదా వెలిగించలేదు.

ఇట్లు,
నీ మాట దాటని కొడుకు,
పెద్దబ్బాయి