అద్దాల పెట్టెలో నీ తుపాకి

బెసిగ్‌హైమ్,
1908 అక్టోబరు 12, సోమవారం

మిత్రుడు ఎర్హార్ట్‌కు గొట్లోబ్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆవిడ రోజినె కులాసా. రోజినె పుట్టినరోజుకు నువ్వు పూలు తెచ్చావని గొడవపడ్డాక, పదకొండేళ్ళుగా నీ క్షేమం అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ద్రాక్షకోతలు అయిపోయాయి. ఊరంతా ఉల్లిపాయ రొట్టెలు తిని, కొత్త వైను తాగి కడుపుబ్బరంతో తిరుగుతోంది.

జీనులు కుట్టే చేతులు వణకడం మొదలెట్టాక నన్ను ఊరి మ్యూజియంలో కాపలాకు పెట్టారు. అక్కడ అద్దాల పెట్టెలో ఏముందనుకున్నావు? నీ తుపాకి. గుర్రపు దళంలో మనం మోసిన ఆ పొట్టి మౌజర్. పక్కన మీసాలు మెలేసిన నీ ఫొటో. కింద చీటీ: 1881 దళం గురి పోటీలో ప్రథమ బహుమతి గెలిచిన ఎర్హార్ట్ తుపాకి అని. రెండో బహుమతి ఎవరిదో చీటీలో లేదు. ప్రతి శనివారం ఆ అద్దం తుడిచేది మాత్రం ఆ రెండోవాడే.

నిజం చెప్తున్నా, కడుపు మండిపోతోంది. మా రోజినె ఆదివారం చర్చి కాగానే నాకు భోజనం తెచ్చే వంకతో వస్తుంది. డబ్బా నా చేతిలో పడేసి నీ పెట్టె ముందు నిలబడుతుంది. ఆ రోజుల్లో ఎర్హార్ట్ ఎంత నిటారుగా ఉండేవాడో, నువ్వూ ఉన్నావ్, గుర్రపు నాడాలాగా ఒంగిపోయి అంటుంది. తిండి ఆ ఫొటోకే పెట్టుకో, నేను పస్తుంటాను అన్నాను. అదైతే ఉప్పు తక్కువైందని వంకలు పెట్టదులే అంది. పాతికేళ్ళు కాపురం చేసి ఇప్పుడు ఫొటోతో పోటీ పడుతున్నాను.

ఇక అసలు సంగతి. ఎల్లుండి స్టుట్‌గార్ట్ నుంచి ఆయుధాల పరిశీలకుడు వస్తున్నాడు. మన తుపాకుల్లో ప్రతి భాగం మీదా, చివరికి స్క్రూల మీద కూడా, ఒకటే నంబరు కొట్టేవారు కదా. మొన్న పెట్టె తెరిచి నూనె రాస్తూ చూశాను. గొట్టం మీద ఒక నంబరు, తూటా వెనక మూసే బోల్టు మీద ఇంకో నంబరు. ఆ బోల్టు నాది. అంటే నువ్వు గెలిచింది నా బోల్టుతో. ఆ బహుమతిలో సగం నాది కాదంటావా? పరిశీలకుడు చూశాడంటే అతుకుల తుపాకి అని తీయించేస్తాడు. నీ చీటీ, నీ మీసాలు సామాన్ల గదిలోకి పోతాయి. నేను నోరు విప్పక్కర్లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుందామనే ఉంది. నాకు పట్టని నిద్ర నీకు మాత్రం ఎందుకు పట్టాలని రాస్తున్నాను.

ఇట్లు,
ఒకప్పుడు నీ పక్క గుర్రం మీద ఉన్న
గొట్లోబ్

తా.క. మంగళవారం పొద్దున. అంటించిన కవరు చించాను. ఆ బోల్టులు వాటంతటవే మారలేదు. పోటీ రోజు పొద్దున శుభ్రం చేసే బల్ల మీద నేనే మార్చాను. నా దాని స్ప్రింగు నీరసించింది, ట్రిగ్గర్ నొక్కాక రవ్వంత ఆగి పేలేది. అది నీకు పెట్టి, నీది నేను పెట్టుకున్నాను. సాయంత్రం మళ్ళీ మారుద్దామంటే, అప్పటికే నీ తుపాకికి ఓక్ ఆకుల దండ వేసి దళం హాల్లో గోడకు తగిలించేశారు. సర్వీసు అయ్యేదాకా నా తుపాకిలో ఉండిపోయిన నీ బోల్టు నంబరు మీద గ్రీజు పూసి నెట్టుకొచ్చాను. పాత తుపాకులు అమ్మేసినప్పుడు ఎవరి కంటా పడకూడదని నా తుపాకి నీ బోల్టుతో సహా నేనే కొనుక్కున్నాను.

ఇప్పుడే మ్యూజియానికి వెళ్ళి నీ బోల్టు నీ తుపాకిలో పెట్టి వచ్చాను. రేపు ఆయన ఎంత వెతికినా తప్పు దొరకదు. ఎర్హార్ట్, ఆ పాడు బోల్టుతోనే నువ్వు మొదటివాడివయ్యావు. నీ మంచి బోల్టు పెట్టుకుని కూడా నేను రెండోవాణ్ణే.