రెండు పైపులకూ ఒకే పంపు

అమ్మా ప్రియాంకా,

పదికి ప్లంబర్ రాజేందర్ షవర్ జోరు పెంచే పంపు పెట్టడానికి వస్తాడు. నాకు రైలుకు టైమైంది, ఈరోజు నీకు సెలవే కదా, నువ్వే దగ్గరుండి చూసుకో. "చన్నీళ్ల పైపుకు పెడ్తె సాలు" అంటాడు, ఒప్పుకోవద్దు. పంపు ట్యాంకు దగ్గరే పెట్టించు. చన్నీళ్లకూ గీజరుకూ ఒకే జోరు ఉంటేనే షవర్ సమంగా వస్తుంది. కుళాయి తిప్పితే దానంతటదే ఆడే రకం తెమ్మన్నా.

ఇంకో మాట. పొద్దున నీ స్నానంలో నీళ్లు ఉన్నట్టుండి కాలిపోతే అరుస్తావే, అది గీజరు తప్పు కాదంట. సరిగ్గా అప్పుడే కింద నేను కరివేపాకు చెట్టుకు పైపు పెడుతున్నా, చన్నీళ్లన్నీ ఇటు వచ్చి నీకు వేడివే మిగులుతున్నాయి. నిన్న రాజేందర్ కనిపెట్టి ఒకటే నవ్వు. నేను తిరిగొచ్చినప్పటి నుంచి నువ్వు ఆఫీసుకు పోయినాకే చెట్టుకు నీళ్లు.

మామ

మీ అత్తకు చెప్పొద్దు. ఉగాది నుంచీ ఆమె తిట్లన్నీ గీజరే తింటోంది. అట్లే తిననీ.