పదిహేను పనిదినాలు

శ్రీధరన్నా, నువ్వు పోయి నేటికి ఏడాది. చిక్కడపల్లి మున్సిపల్ ఆఫీసులో నోటీసుల గడువు ఇంకా నీ ప్రోగ్రామే లెక్కగడుతోంది. ఏటా జనవరిలో అందులో పండుగ సెలవులు నువ్వే ఎక్కించేవాడివి. ఈసారి ఎవరికీ గుర్తు రాలేదు.

బస్తీ ఖాళీ చేయమనే నోటీసులు పోయిన నెల నేనే ప్రింటు తీశాను. అభ్యంతరం చెప్పడానికి పదిహేను పనిదినాలు. మన ఆఫీసు ఊడ్చే యాదమ్మ తన నోటీసు పట్టుకొచ్చింది.

"జర చూడు బిడ్డా, బస్తీ మొత్తం దసరాకు పాలమూరు పోతున్నం. వచ్చినంక జవాబిస్తే నడుస్తదా?"

"నడుస్తది, సెలవులు లెక్కకు రావు" అన్నాను, తేదీ చూడకుండానే.

ఇవాళ ఆఫీసు తెరిచాక చూశాను. గడువు సరిగ్గా దసరానాడే ముగిసింది. ఎవరూ జవాబివ్వలేదని కూల్చివేత ఉత్తర్వు మీద సారు సంతకం పెట్టేశారు. కింద బుల్డోజర్ డ్రైవర్ చాయ్ తాగుతున్నాడు. బస్తీవాళ్ల బస్సు రేపటికి గానీ రాదు.